తిప్పి చూడని డిప్ప

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు నేను ముప్పై ఒక్క కొబ్బరిచెట్ల తలలు గొరిగించాను. అది పురుగు చేసిన పని కాదు, నేను చేసిన పని. సస్యరక్షణ విభాగంలో ఎన్నో ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. ఆ రోజు శాలువా కప్పారు, నా సేవల గురించి నలుగురూ నాలుగు మాటలు మాట్లాడారు. ఆ చెట్ల సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు, తెలిసినవాళ్ళు ఎవరూ అక్కడ లేరు కాబట్టి. ఇప్పుడు కొత్తగా చేరి, ఆకుని ఫోనుతో ఫొటో తీసి అరనిమిషంలో పురుగు పేరు చెప్పేస్తున్న మీ కోసం నేనే ఎత్తుతున్నాను.

అరవైల చివరి మాట. మా ఆఫీసు శ్రీకాకుళంలో ఒక పెంకుటింట్లో ఉండేది. ముందుగదిలో ఆఫీసరు గారు, వెనక వంటగదిలో లేబరేటరీ. పొయ్యిగట్టు మీద మైక్రోస్కోపు, పోపుడబ్బాల గూట్లో మందు సీసాలు. ఆ వంటగదికి అసలైన యజమాని మా ఫీల్డుమేన్. నరసన్నపేట దగ్గర పల్లెటూరాయన, యాభై దాటిన మనిషి. చదివింది ఐదో తరగతి. నాకు వ్యవసాయ డిగ్రీ ఉంది, పాతపట్నంలో మా వీధి మొత్తానికి నేనే మొదటి గ్రాడ్యుయేట్‌ని. ఇప్పుడు 'ఆయన' అంటున్నాను గాని అప్పట్లో 'అతను' అనేవాణ్ణి. ఆ ఒక్క ముక్కతో అప్పటి నేనెవరో మీకు అర్థమైపోవాలి.

ఆ ఏడు వేసవిలో ఉద్దానం నుంచి కబురొచ్చింది, కొబ్బరాకులు పసుపెక్కి ఎండిపోతున్నాయని. ఉద్దానమంటే సోంపేట వైపు సముద్రాన్ని ఆనుకుని ఉండే తోటల సీమ. కొబ్బరి, జీడి, పనస. అదే సమయానికి పైనుంచి ఒక సర్క్యులర్ కూడా వచ్చి ఉంది. కొబ్బరి మీద పొలుసు పురుగు వస్తోంది, కనిపించిన చోట చెట్టు నడినెత్తిన మొవ్వు చుట్టూ ఉన్న లేత మట్టలు ఉంచి మిగతావన్నీ నరికి కాల్చెయ్యాలి, నెలాఖరులోగా రిపోర్టు పంపాలి. అందులో పురుగు లాటిన్ పేరు కూడా టైపు కొట్టి ఉంది. నాకు ఆ పేరు పలకడం వచ్చు. అది చాలనుకున్నాను.

ఈ పొలుసు పురుగు గురించి కాస్త చెప్పాలి, లేకపోతే నా తప్పేమిటో తెలియదు. పుట్టినప్పుడు దానికి ఆరు కాళ్ళుంటాయి. ఒక పూటో రోజో ఆకు మీద తిరుగుతుంది. నచ్చిన చోట ముక్కు గుచ్చి కూర్చుంటుంది. ఆడదైతే ఇక ఆ జన్మకి లేవదు. కాళ్ళు పోతాయి. విడిచిన కుబుసాన్నీ, ఒంట్లోంచి ఊరే మైనాన్నీ కలిపి నెత్తిన ఒక డిప్ప కట్టుకుంటుంది. దాని కిందే తింటుంది, కంటుంది, చస్తుంది. మగదానికి మాత్రం చివర్లో రెక్కలొస్తాయి, నోరుండదు. ఉన్న ఒకటి రెండు రోజులూ పెళ్ళాన్ని వెతుక్కోవడంతోనే సరిపోతుంది. మనకి ఆకు మీద కనిపించేది పురుగు కాదు, డిప్ప. పురుగు చచ్చినా డిప్ప అలాగే అంటుకుని నెలల తరబడి ఉంటుంది. ఇదంతా నాకు పరీక్షలో వచ్చింది, రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

కబురొచ్చిన ఊళ్ళో మా శాఖవాళ్ళని తోటలోకి రానిచ్చిన రైతు ఒక్కడే. తక్కినవాళ్ళు దడి అవతలి నుంచే మాట్లాడి పంపించేశారు. ఈయన యాభై రెండు చెట్ల ఆసామి. భార్యాభర్తలకి ఆ తోటే తిండీ బట్టా. బావమరిది చెట్లెక్కి కాయలు దింపుతాడు. నేను వెళ్ళగానే ఆయన నులకమంచం వాల్చి, భుజం మీది తువ్వాలుతో దుమ్ము దులిపి కూర్చోమన్నాడు.

బావమరిది ఒక మట్ట కోసి కింద పడేశాడు. ఆకు అడుగున ముదురు గోధుమరంగు చుక్కలు, గుండ్రంగా, ఒకదాన్ని ఒకటి తోసుకుంటూ. వేలితో తడిమితే గరుకుగా తగిలాయి. మధ్యమధ్యలో నిగనిగలాడే నల్ల పురుగులు, పెసరగింజకన్నా చిన్నవి, తిరుగుతున్నాయి. నేను వాటిని ఊది పారేశాను, లెక్కకి అడ్డం వస్తున్నాయని. అంగుళం మేర గీత గీసుకుని డిప్పలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

రైతు నా పక్కన గొంతుకూర్చుని చాలాసేపు చూశాడు.

"బాబూ, ఇవి బతికున్నాయేటి?"

నాకు లెక్క తప్పింది. చిరాకేసింది. "చచ్చినవైతే ఇన్నెందుకుంటాయి?" అన్నాను.

"అదీ నిజమే," అన్నాడు ఆయన. నొచ్చుకోలేదు. చదువుకున్నవాడి మాట కదా అని నమ్మాడు.

తిరిగొచ్చాక ఆకుల సంచీ లేబరేటరీలో పెట్టాను. పద్ధతి ప్రకారం అయితే స్లైడు తయారు చెయ్యాలి. సూదితో డిప్ప ఎత్తి, కింద ఉన్న పురుగుని తీసి, కాస్టిక్ నీళ్ళలో కాచి, లోపలి కొవ్వంతా పోయాక కడిగి, ఎర్రరంగు పట్టించి, గాజుపలక మీద పరచాలి. అప్పుడు దాని తోక చివర పళ్ళలాంటి అంచు కనిపిస్తుంది. ఈ జాతికి ఇన్ని పళ్ళు, ఆ జాతికి ఈ ఆకారం. పేరు ఉండేది అక్కడే. ఆ పనికి రెండు మూడు రోజులు పడుతుంది. చేసే ఫీల్డుమేన్ సెలవులో ఉన్నాడు, వానలకి ముందు ఇల్లు కప్పించుకోవాలని. నెలాఖరుకి నాలుగు రోజులే ఉంది. కొబ్బరి మీద పొలుసు పురుగు, సర్క్యులర్‌లోదీ కొబ్బరి మీద పొలుసు పురుగే. ఇంకేముంది? పేరు సర్క్యులర్ చూసి ఎక్కించాను. పక్క గడిలో 'ఉద్ధృతి: తీవ్రం' అని రాసి కింద ఎర్రసిరాతో గీత కూడా గీశాను. ఆ గీత ఎందుకు గీశానో ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఎవరూ గియ్యమనలేదు.

వారం తిరక్కుండా ఆర్డరు వచ్చింది. ఫలానా గురువారం ఆ తోటలో మట్టలు నరికి కాల్చాలి, చుట్టుపక్కల రైతులకి చూపించాలి. రైతుకి కాగితం పంపాం. ఆయన వేలిముద్ర వేసి తిప్పి పంపాడు.

ఆ వారం మంగళవారం నాడు ఫీల్డుమేన్ సెలవు నుంచి వచ్చాడు. జుట్టులో ఇంకా గడ్డిపరకలున్నాయి. నా సంచీ చూసి, "ఇదేటి బాబూ, స్లైడు కట్టకుండా ఒగ్గేసినారు?" అన్నాడు.

"రిపోర్టు వెళ్ళిపోయింది. ఇక దేనికి?"

"రిపోర్టు ఎల్తే ఎల్నాది. అలమరలో పెట్టుకోడానికైనా ఒకటుండాల కదా," అని ఈతముల్లు తీసుకుని కూర్చున్నాడు. సూదులకన్నా ఈతముల్లే ఆయన చేతికి అలవాటు. డిప్పలు తిప్పుతూ పోయాడు. తరవాత ముల్లు పక్కన పెట్టి నన్ను పిలిచాడు.

"బాబూ, ఓపాలి ఇటు రండి. స్లైడు కట్టడానికి పురుగు దొరకటం నేదు."

ఆయన ముందు ఒక పళ్ళెంలో తిప్పిన డిప్పలు వరసగా ఉన్నాయి. కొన్నిటి నెత్తిన గుండుసూది గుచ్చినట్టు గుండ్రటి చిల్లు. కొన్ని ఒక పక్కన కొరికేసి ఉన్నాయి. దాదాపు అన్నీ ఖాళీ. ముప్పై తిప్పితే మూడిట్లో బతికిన పురుగుంది.

"ఆకు కోసి రెండు వారాలైంది కదా, ఎండిపోయి చచ్చుంటాయి," అన్నాను. ఆ మాట నాకే నమ్మబుద్ధి కాలేదు.

"ఎండి సస్తే లోన తొక్క ఉంటాది బాబూ. ఇది సన్న కందిరీగ లోన గుడ్డెట్టి, తినేసి, కప్పు దొల్సుకుని ఎల్లిపోయిన సిల్లు. ఇదేమో నల్లపురుగు కొరికిన కొరుకు. ఆకు సెట్టు మీదున్నప్పుడే అయిపోనాది పని." నా మొహం చూడకుండా అన్నాడు. "ఆ తోట బాగుపడిపోతన్నాది. మనమే సూసుకోలేదు."

'మనమే' అన్నాడు. ఆయన చెయ్యి అందులో వీసమెత్తు లేదు.

ఆ మూడు పురుగుల్లో ఒకదాన్ని బుధవారం సాయంత్రానికి స్లైడు కట్టాడు. మైక్రోస్కోపులో చూసి పుస్తకంలోని బొమ్మతో పోల్చాం. తోక అంచు సర్క్యులర్‌లోని పురుగుది కాదు. అసలు సర్క్యులర్ పురుగు డిప్ప పల్చగా, లోపలి పసుపు కనిపించేలా ఉంటుంది. ఇది ముదురు డిప్పది. నిమ్మ మీదా, గులాబీ మీదా, దేని మీద పడితే దాని మీద బతికే మరో జాతి, దానికి శత్రువులు మెండు. జాతి తప్పు, ఉద్ధృతి తప్పు. నేను ఊది పారేసిన నల్ల పురుగులు ఆ తోటకి వైద్యులు. రేపు ఆ వైద్యుల్ని ఆకులతో సహా కాల్చబోతున్నాం.

ఆఫీసరు గారు టూరు నుంచి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. ఆయన మాట తక్కువ మనిషి, కాగితం దగ్గర కచ్చితం. నేను పళ్ళెం, స్లైడు ముందు పెట్టి విషయం చెప్పాను. నా ఉద్యోగం ఊడుతుందనే అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, అప్పుడు నేను చెట్ల గురించి కాదు, ఉద్యోగం గురించే భయపడ్డాను. ప్రొబేషను ఇంకా కాలేదు.

"ఆర్డరు రద్దు చేస్తూ రాసి పట్రా," అన్నారు.

'పొరపాటు జరిగినందున' అని రాసి తెచ్చాను. చదివి వెనక్కి తోశారు.

"పొరపాటు దానంతటది జరగదు. ఎవరు చేశారో రాయి."

'నా పొరపాటు వల్ల' అని మళ్ళీ రాశాను. ఆయన సంతకం చేసి, సంతకం కింద సొంత దస్తూరీతో ఒక వాక్యం చేర్చారు. 'స్లైడు ఉందా అని నేనూ అడగలేదు.' పెన్ను మూసి, పొద్దున్నే మొదటి బస్సుకి వెళ్ళమన్నారు. ఆ తరవాత ఎంతోమంది పైఅధికారుల్ని చూశాను. కింది మనిషి తప్పుకి తన పేరు కూడా జతచేసినవాణ్ణి మళ్ళీ చూడలేదు.

ఆ ఊరికి టెలిగ్రాం వెళ్ళదు. తపాలా సంచీ వెళ్ళేదే వారానికి రెండుసార్లు. ఆ రోజుల్లో మా జిల్లాలో నక్సలైట్ల ఉద్యమం నడుస్తోంది, చీకటి పడ్డాక అటు బస్సులు నడిచేవి కావు. తెల్లారకుండా మొదటి బస్సెక్కాను. రోడ్డు మీద పోలీసులు ఆపి అందర్నీ దింపారు. నా సంచీలో కాస్టిక్ సీసా, స్పిరిట్ సీసా, కత్తి. హెడ్ కానిస్టేబుల్ సీసా ఎత్తి వెలుగులో చూశాడు.

"ఏటిది?"

"పురుగుల్ని కడగడానికండి."

"పురుగుల్ని కడుగుతావా?" అన్నాడాయన. పక్కవాళ్ళు నవ్వలేదు. కాగితం చూపించాను. చదివాడు, మళ్ళీ చదివాడు, ఇన్‌స్పెక్టర్ వచ్చేదాకా ఉండమన్నాడు. ఆయన్ని తప్పుపట్టను, అప్పటి కాలం అటువంటిది. బస్సు వెళ్ళిపోయింది. గంటన్నర తరవాత ఇన్‌స్పెక్టర్ వచ్చి, కాగితం చూసి వదిలేశాడు. ఉప్పు బస్తాల లారీ ఎక్కి వెళ్ళాను. రోడ్డు దిగాక ఇసుకదారి. చెప్పులు చేతబట్టుకుని పరిగెత్తాను.

తోట ఇంకా కనపడకముందే చప్పుడు వినిపించింది. మట్ట పడే చప్పుడు. ఎండెక్కకముందే పని కానిచ్చుకుందామని వాళ్ళు వేకువనే మొదలుపెట్టారు. నేను వెళ్ళేసరికి ముప్పై చెట్లు అయిపోయాయి, ముప్పై ఒకటో చెట్టు మీద బావమరిది చివరి మట్ట నరుకుతున్నాడు. ఒక్కో చెట్టుకి నెత్తిన నాలుగైదు లేతాకులు నిక్కపొడుచుకుని ఉన్నాయి. చుట్టుపక్కల రైతులు దడి వెంట నిలబడి చూస్తున్నారు. తోట మధ్యన మట్టలు గుట్టగా పోసి ఉన్నాయి. రైతు చేతిలో నిప్పంటించిన ఎండు మట్ట ఉంది.

"ఆగండి," అన్నాను. ఊపిరి అందలేదు. "కాల్చొద్దు. నరకొద్దు. మీ చెట్లకి ఏం లేదు. పురుగులు చచ్చిపోయే ఉన్నాయి. తప్పు నాది. నేను తిప్పి చూడలేదు."

చెట్టు మీద కత్తి ఆగింది. రైతు చేతిలో మట్ట కాలుతూనే ఉంది. ఆయన దాన్ని ఇసుకలో గుచ్చి ఆర్పాడు. నా వంక చూడలేదు. గొరిగిన చెట్ల వంక ఒకటొకటిగా చూసుకుంటూ వచ్చాడు.

ఆయన భార్య ముందుకొచ్చింది. "మా సెట్లకి ఏటీ నేకపోతే మరెందుకు కొట్టించినారు బాబూ?"

చేతిలోని చెప్పులు కింద పెట్టి నిలబడ్డాను.

"ఆ రోజే అడిగినాడు కదా మా ఇంటాయన. బతికున్నాయేటి అని అడిగినాడా నేదా?"

"అడిగాడమ్మా."

"మరి?"

దడి అవతల ఎవరో, "మనం రానివ్వకపోడమే మంచిదైనాది," అన్నారు. ఆ మాట అన్నిటికన్నా లోతుగా దిగింది. ఆ ఊళ్ళో మమ్మల్ని నమ్మినవాడు ఒక్కడే, నష్టపోయినవాడూ ఆ ఒక్కడే.

సంచీలోంచి పళ్ళెం, ఫీల్డుమేన్ ఇచ్చిన ఈతముల్లు తీశాను. ఒక మట్ట ముందేసుకుని, ముల్లుతో డిప్పలు తిప్పి రైతుకి చూపించాను. చిల్లు చూపించాను. కొరుకుడు చూపించాను. నల్లపురుగుని వేలి మీద ఎక్కించుకుని, ఇదే మీ చెట్లని బాగుచేసిందని చెప్పాను. ఈ మట్టల్ని కాల్చకుండా చెట్ల మొదళ్ళకి ఆనించి నిలబెడితే అవి మళ్ళీ పైకెక్కుతాయి, కందిరీగలు ఎగిరిపోతాయి అన్నాను. చెబుతుంటే నా గొంతు నాకే నచ్చలేదు. మొన్నటిదాకా ఇదే గొంతుతో ఇంకోటి చెప్పాను కదా.

రైతు ముల్లు నా చేతిలోంచి తీసుకున్నాడు. తనే ఒక డిప్ప తిప్పాడు. ఇంకోటి తిప్పాడు. చాలా తిప్పాడు.

"ఇదిగో, దీంట్లో ఉన్నాది. పసుపుగా."

"అది బతికుంది."

"మిగతాయి నేవు." ముల్లు తువ్వాలు కొంగులో గుచ్చుకుని లేచాడు. "ఒరే బావా, దిగు. ఈ మట్టలు మొదళ్ళకి జేరేద్దాం." దడి అవతలివాళ్ళకేసి తిరిగి, "మీరూ రండర్రా, సూస్తా నిలబడ్డం కాదు," అన్నాడు.

వచ్చారు. నేనూ మోశాను. మధ్యాహ్నానికి అరచేతులు కొట్టుకుపోయాయి. పని అయ్యాక రైతు భార్య ఒక బొండాం చెక్కి నా చేతికిచ్చింది.

"తాగండి. ముందుగా కొట్టిన సెట్టుది. ఇంక రెండేళ్ళు దీని కాయ మాకు దొరకదు."

కోపంతో అనలేదామె, జరిగింది జరిగినట్టు చెప్పింది. బొండాం ఖాళీ అయ్యేదాకా తాగాను. ఏడ్చాను కూడా. చెప్పుకోవడానికి ఇప్పుడు నాకేం మొహమాటం లేదు.

ఆమె చెప్పినట్టే అయింది. ఆ చెట్లు పిందెలు రాల్చేశాయి. రైతు రెండేళ్ళు ఇతరుల జీడితోటల్లో కూలికి వెళ్ళాడు. నరకని ఇరవై ఒక్క చెట్లూ మా సాయం ఏమీ లేకుండానే వానలు పడేలోగా పచ్చబడ్డాయి. శాఖ నుంచి ఆయనకి ఏమైనా ఇప్పించాలని ఆఫీసరు గారు రాసిన కాగితాలకి జవాబు రాలేదు. నాకు మాత్రం ప్రొబేషను మూడు నెలలు పొడిగించి వదిలేశారు. శిక్ష పడాల్సింది ఒకరికి, పడింది ఇంకొకరికి.

నేను చెయ్యగలిగింది ఒకటే. నెలకోసారి సొంత సెలవు పెట్టుకుని ఆ తోటకి వెళ్ళేవాణ్ణి. నేను వెళ్ళేసరికే రైతు ఆకులు కోసి, తిప్పి, ఎన్ని చచ్చాయో ఎన్ని బతికాయో చెప్పేవాడు. ఆ ముల్లు ఆయన తువ్వాలులోనే ఉండేది. రెండో ఏడు పక్క ఊరివాళ్ళు ఆకులు పట్టుకుని వచ్చేది మా ఆఫీసుకి కాదు, ఆయన దగ్గరికి. తరవాత నాకు బదిలీ అయింది. ఫీల్డుమేన్ రిటైరయ్యాడు. వెళ్ళేరోజు నా చేతిలో నాలుగు ఈతముళ్ళు పెట్టి, "సూదులు తుప్పడతాయి బాబూ," అన్నాడు.

రిటైరయ్యాక ఒకసారి ఉద్దానం వెళ్ళాను. రైతు అప్పటికి పోయి చాలా ఏళ్ళయింది. ఆయన భార్య ఉంది, వంగిపోయింది. తోట ఉంది. చెట్లు బాగా పెరిగాయి. కొబ్బరిచెట్టు మాను మామిడిమానులా ఏటేటా లావెక్కదు. మొవ్వు అక్కడున్న రోజుల్లో ఎంత బలముంటే ఆ ఎత్తున అంత లావు, అది ఇక మారదు. ఇది కూడా నేను పరీక్షలో రాసినదే. తలెత్తి చూశాను. ముప్పై ఒక్క చెట్లకీ ఒకటే ఎత్తున, పిడికిలితో నొక్కినట్టు, మాను సన్నబడి ఉంది. దాని పైన మళ్ళీ మామూలే. ఇరవై ఒక్క చెట్లకి అది లేదు. లెక్కపెట్టాను. ఈసారి తప్పలేదు.

కాయలు దింపుతున్న ఒకాయన మోకు బిగించి ఎక్కుతున్నాడు. కింద నుంచి ముసలామె కేకేసింది. "బాబునొక్కు కాడ కాస్త ఆగి ఎల్లు, తడిగున్నాది."

"ఏమిటమ్మా అది?" అన్నాను.

"ఆ సన్నంగున్న సోటు బాబూ. కాలికి బాగా అందుతాది, మావోళ్ళు అక్కడ ఊపిరి తీసుకుంటారు. మా ఇంటాయనే అలగని పేరెట్టినాడు. మీరప్పుడు సిన్న బాబు కదా." నా మొహం చూసి ఆగింది. "తిట్టడానికి కాదు. అక్కడ ఆగినోడల్లా ఆకు తిప్పి సూడడం మర్సిపోకూడదని ఎట్టినాడు."

ఎక్కినాయన ఆ నొక్కు మీద పాదం ఆనించి, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ఎక్కాడు. పైన మట్ట ఒకటి వంచి ఆకు తిప్పి చూశాడు. తరవాత ఒక బొండాం దించాడు. ఆమె తనే చెక్కి నాకిచ్చింది.

"తాగండి బాబూ. ముందుగా కొట్టిన సెట్టుదే."